సముద్ర తీరం, నీటి ఆటలు, ప్రాచీన శిథిలాలు: మూడూ కుదిరే విహారానికి చోటు ఎంచుకోవడం ఎలా

ఒకే సెలవులో బీచ్, నీటి క్రీడలు, ప్రాచీన శిథిలాలు మూడూ కావాలనుకునేవారు సాధారణంగా ముందు ఊరి పేరు ఖాయం చేసుకుని, అక్కడ ఏమేం చేయవచ్చో ఆ తరువాత వెతుక్కుంటారు. ఈ వరుసను తిరగవేయాలని నా గట్టి అభిప్రాయం. శిథిలాలు ఏడాది పొడవునా ఉన్నచోటే ఉంటాయి. గాలి, అలల ఎత్తు, నీటి తేటదనం మాత్రం నెలనెలకూ, ఒక్కోసారి పూటపూటకూ మారిపోతాయి. కాబట్టి నీటిలో ఏం చేయదలచుకున్నారో ముందుగా తేల్చుకుంటే ఏ నెలలో వెళ్ళాలో తెలుస్తుంది. నెల తేలితే ఏ తీరానికి వెళ్ళాలో తేలుతుంది. ఆ తీరానికి చేరువలో ఉన్న శిథిలాలలో మనసుకు నచ్చేవి ఏవో అప్పుడు చూసుకోవచ్చు.

నీటి క్రీడలన్న ఒక్క మాట కింద ఒకదానికొకటి పొసగనివి చాలా ఉన్నాయి. తెరచాప బిగించిన పలక మీద సాగే విండ్‌సర్ఫింగ్‌కు, గాలిపటం లాగే పలక మీద సాగే కైట్‌సర్ఫింగ్‌కు నిలకడగా వీచే బలమైన గాలి కావాలి. అదే గాలి స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటిపై తేలుతూ అడుగును చూడటం) చేసేవారికి నీటిని కలచివేస్తుంది, చిన్నపిల్లలతో ఒడ్డున కూర్చున్నవారి ముఖాన ఇసుక కొడుతుంది. సర్ఫింగ్‌కు క్రమం తప్పని అలలు కావాలి. అలాంటి తీరంలో నీరు లోపలికి లాగే ప్రవాహాలు కూడా ఉంటాయి కనుక మామూలుగా ఈదేవారికి అది ప్రమాదకరం. స్కూబా డైవింగ్‌కు, కయాక్ అనే చిన్న తెడ్డు పడవకు నీరు ప్రశాంతంగా ఉండాలి. కుటుంబంలో ఒకరికి గాలి, మరొకరికి ప్రశాంతమైన నీరు కావలసి వస్తే, గాలి తగిలే ఒడ్డూ గాలి చాటున ఉన్న ఒడ్డూ గంట ప్రయాణంలో ఉండే చోటును వెతకడమే మార్గం. అలాంటి చోట్లు ఉన్నాయి, కానీ ఎక్కువ లేవు.

పూటల లెక్క కూడా చూసుకోవాలి. ప్రణాళికలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వేసవి మధ్యాహ్నం నీడలేని రాళ్ళ మధ్య తిరగడం పెద్దలకే కష్టం, పిల్లల సంగతి చెప్పనక్కరలేదు, కనుక శిథిలాలను ఉదయం ద్వారాలు తెరవగానే గానీ సాయంత్రం గానీ చూడాలి. అయితే వెచ్చని తీరాలలో చాలాచోట్ల ఉదయం నీరు అద్దంలా ఉండి, మధ్యాహ్నానికి గాలి పుంజుకుంటుంది. డైవింగ్ పడవలు కూడా ఉదయమే బయలుదేరతాయి. అంటే విండ్‌సర్ఫింగ్ చేసేవారికి ఉదయం శిథిలాలు, మధ్యాహ్నం సముద్రం అన్న వరుస సహజంగా అమరుతుంది. డైవింగ్, కయాక్ ఇష్టపడేవారు శిథిలాలను సాయంత్రానికి నెట్టవలసి వస్తుంది, అప్పుడు అవి ఎన్ని గంటలకు మూస్తారన్నది వారికి ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. ఈ గంటలు కాలాన్ని బట్టి మారుతాయి కనుక బయలుదేరే ముందు సరిచూసుకోవాలి.

తుర్కియే (టర్కీ) దక్షిణ తీరం

ఈ మూడు కోరికలూ నిజంగా ఒకే చోట కలిసే తీరం ఏదని అడిగితే, నేను ముందుగా చెప్పేది అంతాల్యా నుండి పడమరగా పతారా దాకా సాగే లిసియా తీరం (లిసియా ఈ ప్రాంతపు ప్రాచీన నామం). ఇక్కడ శిథిలాలు బీచ్‌కు దగ్గరలో ఉండటం కాదు, చాలాచోట్ల శిథిలాల గుండానే బీచ్‌కు నడిచి వెళ్ళాలి.

పతారాను తీసుకోండి. లిసియా నగరాల సమాఖ్యకు ఇది ముఖ్య నగరం. సమాఖ్య ప్రతినిధులు కూర్చున్న సభా భవనాన్ని పునరుద్ధరించారు. రోమన్ చక్రవర్తి నీరో కాలంలో, క్రీస్తు శకం 64-65 ప్రాంతంలో కట్టిన దీపస్తంభపు అవశేషాలు కూడా ఇక్కడే ఉన్నాయి. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన రేవు మేట వేసి చిత్తడి నేలగా మారిపోయింది, ఇసుక దిబ్బలు కదిలివచ్చి రంగశాలను చాలా కాలం కప్పివేశాయి. ఈనాడు ఆ రాతి మెట్ల మీద నిలబడి చూస్తే రెల్లు పొదలు, వాటికి అవతల దిబ్బలు, ఆ దిబ్బల వెనుక సముద్రం కనిపిస్తాయి. రేవు ఎలా పూడిపోయిందో ఎవరూ వివరించకుండానే అర్థమవుతుంది. ఆ తరువాత వచ్చే బీచ్ కిలోమీటర్ల పొడవున సాగే మెత్తటి ఇసుక. లాగర్‌హెడ్ తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం కావడంతో ఒడ్డున భవనాలు లేవు, గుడ్లు పెట్టే కాలంలో రాత్రిపూట తీరంలోకి ఎవరినీ రానివ్వరు. ఒడ్డునే గది తీసుకుని ఉండాలనుకునేవారికి ఇది లోటు. నాకు మాత్రం ఆ తీరం అలా మిగలడానికి కారణమే ఈ నియమమనిపిస్తుంది.

పతారాకు ముప్పావు గంట దూరంలోని కాష్ పట్టణం డైవింగ్‌కు, కయాక్‌కు మంచి కేంద్రం. నీరు చాలా తేటగా ఉంటుంది, ప్రాచీన ఆంటిఫెల్లోస్ రంగశాల సముద్రానికి అభిముఖంగా ఊరి అంచునే ఉంది. ఇక్కడికి చేరువలోనే 1982లో సముద్రపు స్పాంజిలు సేకరించే ఒక గజ ఈతగాడు ఉలుబురున్ అనే కంచుయుగపు ఓడ అవశేషాలను గుర్తించాడు. క్రీస్తు పూర్వం 14వ శతాబ్దం చివరినాటి ఆ ఓడ సరుకును 1984 నుండి 1994 వరకు నీటి అడుగున తవ్వి వెలికితీశారు. ఆ వస్తువులు ఇప్పుడు బోద్రుమ్‌లోని మ్యూజియంలో ఉన్నాయి కనుక వాటిని కాష్‌లో చూడవచ్చని అనుకోకూడదు. కాష్‌కు ఉన్న లోపం ఇసుక లేకపోవడమే. ఊరిలో ఈతకు దిగేచోట్లు ఎక్కువగా రాళ్ళు, చెక్క అరుగులు. చిన్నపిల్లలు ఉన్నవారు దీనిని తేలిగ్గా తీసుకోకూడదు.

కాష్‌కు తూర్పున ఉన్న కెకోవాలో భూకంపాల వల్ల ఒక ఊరి భాగం నీట మునిగింది. ఉచాగిజ్ అనే పల్లె నుండి కయాక్‌లో తీరం వెంట నెమ్మదిగా వెళితే, కొండలో తొలిచిన మెట్లు ఒక్కొక్కటిగా దిగి నీటి కిందకు పోవడం, గోడల పునాదులు ఆకుపచ్చని నీటిలో చతురస్రాలుగా కనిపించడం చూడవచ్చు. ఎదుటి ఒడ్డున కలెకోయ్ దగ్గర ఒక లిసియా రాతి శవపేటిక నీళ్ళలోనే నిలబడి ఉంటుంది. మునిగిన ఊరి మీదుగా ఈదడం, డైవింగ్ చేయడం నిషిద్ధం. అందుకే మోటారు పడవ కన్నా కయాక్‌ను ఎంచుకోమంటాను: నీటికి అంత దగ్గరగా, అంత నిదానంగా వెళ్ళే వీలు మరొక విధంగా దొరకదు. నిషేధం వర్తించే హద్దులను పడవవారిని ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇసుక, పిల్లలు, పెద్ద శిథిలాలు మూడూ ఒకే చోట కావలసినవారు అంతాల్యాకు తూర్పున ఉన్న సీడే వైపు చూడాలి. పాత నగరం ఒక ద్వీపకల్పం మీద ఉంది, దానికి రెండు పక్కలా మెల్లగా లోతు పెరిగే ఇసుక తీరాలున్నాయి, కొనన సముద్రపు ఒడ్డున అపోలో ఆలయ స్తంభాలు నిలబడి ఉన్నాయి. ప్రాచీన రోమన్ రంగశాలలలో ఎంతో చక్కగా నిలిచినదిగా పేరున్న ఆస్పెండోస్ కూడా అక్కడికి దగ్గరే. జనసమ్మర్దం మాత్రం ఎక్కువ. దానికి పూర్తిగా వేరైనది అంతాల్యాకు నైరుతిన ఉన్న ఫసెలిస్. పైన్ చెట్ల మధ్య మూడు చిన్న రేవులు, వాటిని కలుపుతూ రాతి వీధి. క్రీస్తు పూర్వం 334-333 శీతాకాలంలో అలెగ్జాండర్ కొంతకాలం బస చేసిన నగరమిది. ఒక రేవులో ఈది, తడి బట్టలతోనే వీధి దాటి మరో రేవుకు వెళ్ళవచ్చు. చెట్ల నీడ ఉండటం వల్ల ఈ శిథిలాలను మధ్యాహ్నం కూడా భరించగలం.

దూరాల విషయంలో ఒక హెచ్చరిక. అంతాల్యా విమానాశ్రయం నుండి కాష్‌కు కొండ మలుపుల దారిలో మూడు గంటలకు పైగా పడుతుంది. సీడేలో బస చేసి పతారాను ఒక రోజులో చూసిరావాలనుకోవడం తప్పు. ఈ తీరంలో ఒకే బస కాకుండా తూర్పున ఒకటి, పడమర ఒకటి పెట్టుకోవడం మేలు. మే నుండి అక్టోబరు వరకు కాలం బాగుంటుంది. జులై, ఆగస్టుల వేడిని తప్పించుకోగలిగితే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట సముద్రం ఇంకా వెచ్చగానే ఉండి రాళ్ళ మధ్య నడక సుఖంగా సాగుతుంది.

రోడ్స్ దీవి: గాలి కోసం వెళ్ళేవారికి

గ్రీసులోని రోడ్స్‌ను నేను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం దాని ఆకారం. వేసవిలో ఏజియన్ సముద్రం మీద వీచే మెల్టెమి గాలి పడమటి ఒడ్డును తాకుతుంది, తూర్పు ఒడ్డు చాలావరకు దాని చాటున ఉంటుంది. దక్షిణ కొసన ప్రాసోనిసి వద్ద ఒక ఇసుక పట్టీ చిన్న దీవిని రోడ్స్‌తో కలుపుతుంది. దానికి ఒక పక్క అలలు, రెండో పక్క గాలి ఉన్నా చదునైన నీరు. కొత్తగా నేర్చుకునేవారు ఒక వైపు, అనుభవజ్ఞులు మరో వైపు దిగవచ్చు.

అక్కడి నుండి గంటలోపు ప్రయాణంలో లిండోస్ ఉంది. సముద్రానికి 116 మీటర్ల ఎత్తున కొండ కొమ్మున అథీనా లిండియా ఆలయ స్తంభాలు, కింద గాలి తగలని ఇసుక అఖాతం. కుటుంబంలో ఒకరు ప్రాసోనిసిలో తెరచాపతో పోరాడుతుండగా మిగిలినవారు లిండోస్‌లో ఈదుతూ ఉండవచ్చు. నేను పైన చెప్పిన రెండు ఒడ్డుల సూత్రానికి ఇంత చక్కగా సరిపోయే చోటు అరుదు. కొండ ఎక్కడం మాత్రం ఉదయమే ముగించాలి. తీవ్రమైన వడగాడ్పుల రోజుల్లో గ్రీసులో పురావస్తు స్థలాలను మధ్యాహ్నం మూసివేసిన సందర్భాలు ఉన్నాయి. పడమటి ఒడ్డున ఉన్న కమీరోస్‌ను కూడా వదలవద్దు. తరువాతి ఊరు దాని మీద లేవకపోవడంతో వాలు మీద వీధులు, ఇళ్ళ గోడలు, నీటి తొట్టి ఒక నగర పటంలా కళ్ళకు కడతాయి. రోడ్స్ అనగానే గుర్తుకొచ్చే మహావిగ్రహం క్రీస్తు పూర్వం 226 ప్రాంతపు భూకంపంలో కూలిపోయింది, దానిలో ఏదీ చూడటానికి మిగలలేదు కనుక ఆ ఆశతో వెళ్ళకూడదు.

తులుమ్, యుకటాన్ తీరం

మెక్సికోలోని తులుమ్‌లో మాయా నగరం కరీబియన్ సముద్రపు అంచున రాతి గట్టు మీద ఉంది. ఇది ప్రధానంగా 13 నుండి 15వ శతాబ్దాల మధ్య వర్ధిల్లింది. నేల వైపు ప్రాకారం, సముద్రం వైపు గట్టు రక్షణగా ఉండేవి. ఛాయాచిత్రాలలో దీనికి మించిన తీరం లేదు. నగరం మాత్రం చిన్నది, ఒక పూటలో చూడవచ్చు. ఇంకా పెద్దవి కావాలనుకుంటే, అడవిలో 42 మీటర్ల పిరమిడ్ ఉన్న కోబా చేరువలోనే ఉంది, చిచెన్ ఇట్జా మాత్రం పూర్తి రోజు ప్రయాణం.

ఈ తీరాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం సెనోటేలు. సున్నపురాయి నేల కుంగి ఏర్పడిన మంచినీటి మడుగులివి. వాటి కింద నీటితో నిండిన గుహలు ఒకదానితో ఒకటి కలిసి సాగుతాయి. సాక్ ఆక్తున్, దోస్ ఓహోస్ గుహలు కలిసే ఉన్నాయని 2018లో ప్రకటించినప్పుడు ఆ వ్యవస్థ పొడవు 347 కిలోమీటర్లు. కొన్నిచోట్ల పైన ఉన్న మంచినీరు, కింద ఉన్న ఉప్పునీరు కలిసే పొర దగ్గర చూపు ఒక్కసారిగా మసకబారి, వెంట ఉన్న మనిషి ఆకారం చెదిరిపోయినట్లు కనిపిస్తుంది. కాస్త కిందకు దిగగానే మళ్ళీ అంతా తేటపడుతుంది. పగటి వెలుగు కనిపించే మేర వరకు సాధారణ డైవర్లు అర్హతగల గైడు వెంట వెళ్ళవచ్చు. అంతకు మించి లోపలికి వెళ్ళడానికి గుహ డైవింగ్‌లో ప్రత్యేక శిక్షణ తప్పనిసరి, దీనిలో రాజీ పడితే ప్రాణాలకే ముప్పు. డైవింగ్ రానివారికి స్నార్కెలింగ్ చేసే సెనోటేలు చాలా ఉన్నాయి.

2011 నుండి సార్గాసం అనే గోధుమ రంగు సముద్రపు నాచు పెద్ద మొత్తంలో కరీబియన్ తీరాలకు కొట్టుకు వస్తోంది, ముఖ్యంగా వసంత, వేసవి నెలల్లో. అది కుప్పలుగా పేరుకుని కుళ్ళితే ఆ వాసనలో ఒడ్డున కూర్చోలేరు. జూన్ నుండి నవంబరు వరకు హరికేన్ల కాలం. అందువల్ల నవంబరు చివరి నుండి మార్చి వరకు నాకు సరైన కాలంగా తోస్తుంది, శీతాకాలంలో ఉత్తరపు గాలులు కొన్ని రోజులు సముద్రాన్ని అల్లకల్లోలం చేసినా సెనోటేలపై వాటి ప్రభావం ఉండదు. నాచు కాలంలోనే వెళ్ళక తప్పకపోతే కోజుమెల్ దీవిలో బస చేయండి. దాని పడమటి ఒడ్డుకు నాచు బెడద చాలా తక్కువ, పగడపు దిబ్బల డైవింగ్ అక్కడే ఉంది, ఇష్‌చెల్ దేవతకు సంబంధించిన సాన్ హెర్వాసియో అనే మాయా క్షేత్రం దీవి మధ్యలో ఉంది.

ఎర్ర సముద్రం, లక్సోర్

శిథిలాలే ప్రధానం, వాటిలోనూ అతి గొప్పవే చూడాలి అనుకునేవారికి ఈజిప్టుకు సాటి లేదు. లక్సోర్‌లోని కర్ణాక్ ఆలయం, రాజుల లోయ చూశాక పైన చెప్పినవన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. హుర్ఘదా తీరంలో పగడాలు, డైవింగ్ ప్రపంచంలోనే మేటి శ్రేణికి చెందినవి, పక్కనే ఉన్న ఎల్ గూనాలో కైట్‌సర్ఫింగ్ ఉంది. చిక్కల్లా రెండింటి మధ్య దూరమే. హుర్ఘదా నుండి లక్సోర్‌కు ఎడారి మీదుగా సుమారు 300 కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి తిరిగి వచ్చే ఒక్కరోజు యాత్రలను విరివిగా అమ్ముతారు. వాటిని తీసుకోవద్దని నా సలహా: మండే ఎండలో హడావుడిగా నాలుగు చోట్లు తిరిగిన అలసట తప్ప ఏమీ మిగలదు. లక్సోర్‌లో రెండు రాత్రులు ఉండి, మిగిలిన రోజులు సముద్రానికి ఇవ్వండి. వేసవిలో లక్సోర్‌లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక అక్టోబరు, నవంబరు లేదా మార్చి, ఏప్రిల్ నెలలు తగినవి.

మామల్లపురం, సైప్రస్

రెండు మూడు రోజులే ఉండి, సర్ఫింగ్ నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవారికి తమిళనాడులోని మామల్లపురం సరిపోతుంది. పల్లవ రాజసింహుని కాలపు తీర దేవాలయం, ఏకశిలా రథాలు, గంగావతరణ శిల్పం 1984 నుండి యునెస్కో జాబితాలో ఉన్నాయి. 2004 సునామీ తరువాత సమీపంలోని సాలువన్‌కుప్పంలో ఇటుకల పునాదులున్న ప్రాచీన సుబ్రహ్మణ్య ఆలయం బయటపడింది. ఈ ఊరిలోనూ, ఉత్తరాన ఉన్న కోవళంలోనూ సర్ఫింగ్ నేర్పుతారు. అయితే లాగే ప్రవాహాలు బలంగా ఉండే తీరమిది, పిల్లలను నీటిలో వదిలే బీచ్ కాదు. నీరు తేటగా ఉండదు కనుక స్నార్కెలింగ్‌కు పనికిరాదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవన వర్షాలను దృష్టిలో పెట్టుకోవాలి.

సైప్రస్‌ను నేను ఒకే సందర్భంలో సూచిస్తాను: లోతైన ఓడ శిథిలంలో డైవింగ్ చేయాలన్న కోరిక ఉన్నప్పుడు. 1980లో లార్నాకా దగ్గర మునిగిన జెనోబియా అనే నౌక సుమారు 42 మీటర్ల లోతున పక్కకు ఒరిగి ఉంది. పాఫోస్‌లోని రోమన్ కాలపు మొజాయిక్ నేలలు, బీచ్‌కు పైన కొండ అంచున ఉన్న కూరియోన్ రంగశాల దానికి జత కలుస్తాయి.

ఎవరికి ఏది

చిన్నపిల్లలు, పెద్దలు కలిసి వెళ్ళే కుటుంబానికి, అందరికీ కొంచెం కొంచెం కావాలంటే, సీడే గానీ లిండోస్ గానీ. ఈత బాగా వచ్చి, నడవగలిగి, చరిత్ర మీద నిజమైన ఆసక్తి ఉన్న ఇద్దరికి కాష్, పతారాల జంటను మించింది లేదు. నాకు ఎంచుకునే అవకాశమిస్తే సెప్టెంబరు చివర అక్కడికే వెళతాను. గాలి క్రీడల కోసం సెలవు పెట్టేవారికి జులైలో రోడ్స్. డైవింగ్ ప్రధానమై శిథిలాలు ఒకటి రెండు పూటలు చాలునంటే తులుమ్ లేదా కోజుమెల్. రెండూ సమానంగా, రెండూ పెద్ద ఎత్తున కావాలంటే, మధ్యలో ప్రయాణం భరించడానికి సిద్ధపడి ఎర్ర సముద్రం. అయిదు రోజులకన్నా తక్కువ వ్యవధిలో ఈజిప్టు, యుకటాన్‌లను పెట్టుకోవద్దు.

బుకింగ్‌కు ముందు ప్రయాణ బీమా పత్రాన్ని చివరి పంక్తి దాకా చదవండి. చాలా పాలసీలలో ఒక లోతుకు మించిన డైవింగ్, పారాగ్లైడింగ్, మోటారు వాహనాలతో ఆడే నీటి క్రీడలు అదనంగా చేర్చుకుంటే తప్ప వర్తించవు. శిథిలాల దగ్గర దొరికిన రాతి ముక్కను, పెంకును జేబులో వేసుకోవడం కూడా తుర్కియేలో నేరమే, విమానాశ్రయంలో పట్టుబడి కేసు ఎదుర్కొన్న పర్యాటకులు ఉన్నారు.

రోజులను పంచుకునేటప్పుడు నీటి కార్యక్రమాలను మొదటి రోజులకే పెట్టుకోండి. గాలి లేకో, అలలు ఎక్కువై పడవ కదలకో ఒక రోజు రద్దయితే జరుపుకునేందుకు వెనుక ఖాళీ ఉంటుంది. దీనికి మరో బలమైన కారణం కూడా ఉంది. డైవింగ్‌లో ఒత్తిడి కింద శరీరంలో కరిగిన నత్రజని, ఎత్తుకు వెళ్ళగానే బుడగలుగా మారి ప్రమాదం కలిగించవచ్చు. అందుకే ఒకటికి మించి డైవ్‌లు చేసినవారు విమానం ఎక్కడానికి ముందు కనీసం 18 గంటలు ఆగాలని సాధారణ సూచన, 24 గంటలు ఆగితే ఇంకా మంచిది. ఇది విమానానికి మాత్రమే వర్తిస్తుందనుకోకూడదు: తుర్కియే తీరంలోని ఓలుడెనిజ్ దగ్గర సుమారు 1,900 మీటర్ల బాబాదాగ్ కొండ మీద నుండి పారాగ్లైడింగ్ చేయడానికీ, ఫసెలిస్‌కు చేరువలోని తహ్తలీ శిఖరానికి 2,365 మీటర్ల ఎత్తు వరకు రోప్‌వేలో వెళ్ళడానికీ ఇదే జాగ్రత్త పాటించాలి. కాబట్టి కొండ ఎక్కే కార్యక్రమాలు ఉంటే డైవింగ్‌కు ముందే ముగించి, తిరుగు ప్రయాణానికి ముందు రోజును పూర్తిగా తీరం పక్కన ఉన్న శిథిలాలకే కేటాయించండి.